జాజ్‌లో కలిసిపోయాక కూడా యూదు సంగీతాన్ని ఎలా గుర్తుపడతారు?

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు కొన్నేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, అంతకుమించి పాండిత్యం లేదు. ఈమధ్య తూర్పు యూరప్ యూదుల పెళ్లిళ్లలో వాయించే క్లెజ్మర్ వింటూ ఒకచోట చిక్కుకుపోయాను.

వాళ్లు 'ఫ్రైగిష్' అనే స్వరక్రమం అచ్చం మన వకుళాభరణ రాగమే! శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. అరబ్బుల 'హిజాజ్' స్వరక్రమం కూడా దానికి దగ్గరి చుట్టమే. అంటే స్వరాలను బట్టి తేల్చలేం, లేకపోతే వకుళాభరణం పాడే మన విద్వాంసులంతా యూదులైపోవాలి.

మరి గమకాలా? క్లారినెట్ వెక్కి ఏడ్చినట్టు పలికే 'క్రెఖ్ట్స్' అయితే నేనూ పట్టేస్తాను. కానీ 'బై మీర్ బిస్ట్ దు షేన్' అనే పాట సంగతేమిటి? 1932లో యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) సంగీత నాటకం కోసం షోలోమ్ సెకుండా బాణీ కట్టారు. 1937లో యూదులు కాని ముగ్గురు అమెరికన్ అక్కచెల్లెళ్లు, ఆండ్రూస్ సిస్టర్స్, దాన్నే ఇంగ్లిష్ మాటలతో, స్వింగ్ అనే జాజ్ నడకలో పాడితే అమెరికాలో మారుమోగిపోయింది. అందులో ఆ వెక్కిళ్లు నాకు వినిపించవు. అయినా యూదు పాటే అనిపిస్తుంది. కథ ముందే తెలియడం వల్లనా?

అమెరికన్ యూదు శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ జోర్న్ 'మసాడా' బృందానిది ఇంకో చిక్కు. మాటల్లేవు, ప్రార్థన లేదు, పక్కా జాజ్; అయినా దాన్నీ యూదు సంగీతమనే అంటారు.

క్లెజ్మర్ వాయించేవాళ్లు, బాగా విన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: మీ చెవి దేన్ని పట్టుకుంటుంది? బాణీనా, నడకనా, వాయించే మనిషినా? ఏ రికార్డింగుతో మొదలుపెట్టమంటారు?