మచాదో పాదంలో ఎనిమిదో అక్షరం

దేశిపదం: కొన్నాళ్లుగా స్పానిష్ కవి మచాదో పాదం ఒకటి నోట్లో నానుతోంది: «సే ఆసే కమీనో ఆల్ ఆందార్», నడుస్తుంటేనే దారి ఏర్పడుతుంది. దాని పై పాదం «కమినాంతే, నో ఐ కమీనో», బాటసారీ, దారంటూ లేదు. అన్నీ ఎనిమిదేసి అక్షరాల పాదాలే కదా, ఇది మాత్రం ఏడుకే ఆగిపోతోంది: సేఆ, సే, క, మీ, నోఆల్, ఆన్, దార్.

మాత్రాగణం: చివరి 'దార్' గురువు. రెండు మాత్రలు. సరిపోయింది.

యతి: అదే కారణమైతే 'ఆన్' కూడా గురువేనండీ, దానికీ ఒకటి కలపాలి. లెక్క ఊనికది, అంటే మాటలో నొక్కి పలికే అక్షరానిది. పాదం చివరి మాటలో ఊనిక ఆఖరి అక్షరం మీద ఉంటే ఒకటి కలుపుతారు, చివరి నుంచి మూడోదాని మీద ఉంటే ఒకటి తీసేస్తారు. 'ఆందార్' రేఫతో ముగిసే క్రియ, గుర్తు పెట్టకపోయినా ఊనిక చివరే.

కందపద్యం: నా అనుమానమంతా 'సే ఆసే' మీద. ఊనిక ఉన్న 'ఆ' పక్క అచ్చులో అంత తేలిగ్గా కలిసిపోతుందా? విడదీసే చదవాలి.

యతి: విడదీస్తే ఎనిమిది, చివరి ఊనికకు ఇంకొకటి, వెరసి తొమ్మిది. పాదం చెడింది. 'ఆసే' (hace) రాతలో మొదట ఉన్న హకారం ఎలాగూ పలకరు, అది అడ్డు రాదు.

దేశిపదం: అంటే మన ఉత్వసంధి లాంటిదా?

మాత్రాగణం: కాదు. మన దగ్గర ముందు అచ్చు పోతుంది. అక్కడ రెండూ వినబడుతూ ఒకే అక్షరంలో ఇముడుతాయి. హల్లు కూడా పక్క మాటకు జారుతుంది: నోఆ-లాన్-దార్.

కందపద్యం: 'మీ'కి దీర్ఘం పెట్టి రాస్తున్నాం కాబట్టే ఈ గురులఘువుల గొడవ. స్పానిష్‌లో హ్రస్వదీర్ఘాల తేడా లేదు, ఊనికే మన చెవికి దీర్ఘంలా తోస్తుంది. అది 'మీ' మీద ఉంటే 'దారి', లేదా 'నడుస్తాను'. 'నో' మీదకు జరిగితే 'నడిచాడు'. మచాదో 'దారి'లో 'నడుస్తాను'ని కూడా వినిపించాడనే నా నమ్మకం.

యతి: «నో ఐ»లో 'ఐ' అంటే 'ఉంది', దాని తర్వాత నామవాచకమే వస్తుంది. క్రియకు అక్కడ చోటు లేదు.

మాత్రాగణం: ఆయన చివరి పాదం గుర్తుందా? 1939 జనవరిలో ఫ్రాన్స్ సరిహద్దు దాటారు, ఫిబ్రవరి 22న కొలియూర్‌లో పోయారు. తర్వాత తమ్ముడు హోసేకి కోటు జేబులో కాగితం దొరికింది: «ఎస్తోస్ దీఅస్ అసూలెస్ ఈ ఎస్తే సోల్ దే లా ఇంఫాన్సియా». ఈ నీలి రోజులు, చిన్ననాటి ఈ ఎండ. ఏడూ ఏడూ పద్నాలుగు! ఊనిక 'ఈ' మీద ఉంది కాబట్టి 'దీ-అస్' రెండు అక్షరాలు, చివరి 'సియా' ఒకటే. చావు ముంగిట కూడా ఆ చెవి తప్పలేదు.

యతి: కందపద్యం గారూ, ఇక్కడ 'ఎస్తే'లో ఊనిక మొదటి అచ్చు మీదే. అయినా ముందున్న 'ఈ'తో కలిసిపోయింది, చూశారా?

కందపద్యం: ఇకారం యకారంలా జారిపోతుంది, దాని సంగతి వేరు. ఎ, ఆ జంట అలా జారదు. 'సే ఆసే' నేను విడదీసే చదువుతాను.