అప్‌డేట్: ఒకే మాయలో కవలలు, రెండు వారాలకో స్కాన్, పూర్తి విశ్రాంతి

ఒకే మాయను (ప్లాసెంటాను) పంచుకుంటున్న కవలలకు రెండు వారాలకొకసారి స్కాన్ నిజంగా అవసరమా, మా అత్తగారు పట్టుబడుతున్నట్టు నేను మంచం దిగకుండా ఉండాలా అని ఐదో నెలలో అడిగాను. ఓపికగా బదులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పిల్లలిద్దరూ 36 వారాలు దాటాక, ఇక్కడ బెంగళూరులోనే సిజేరియన్‌తో పుట్టారు, క్షేమంగా ఉన్నారు.

మాయ ఒకటా రెండా అన్నది మూడో నెల స్కాన్ రిపోర్టులో చూసుకొమ్మన్న సలహాయే అన్నిటికన్నా పనికొచ్చింది. ఆ రిపోర్టు తీసుకుని జయనగర్‌లో ఒక ఫీటల్ మెడిసిన్ (కడుపులోని బిడ్డల ఆరోగ్యం చూసే) డాక్టరుగారిని కలిశాం. మాయలోని రక్తనాళాల గుండా ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు ఎక్కువగా మళ్లే ప్రమాదం ఉంటుందనీ, అది తల్లికి తెలిసేలోపే ముదరవచ్చు కనుక 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి ఇద్దరి ఉమ్మనీరూ, మూత్రాశయాలూ చూడాల్సిందేననీ ఆమె వివరించారు. ఏడో నెలలో ఒక పాప వైపు ఉమ్మనీరు లోతు 2.6 సెంటీమీటర్లకు తగ్గినప్పుడు వారానికి రెండుసార్లు వెళ్లాం. తెరమీద ఆ పాప మూత్రాశయం చిన్న నల్లని చుక్కలా నిండి కనిపించేదాకా నేను ఊపిరి బిగబట్టుకునే ఉండేదాన్ని. తర్వాత అది స్థిరపడింది.

నేను మంచం దిగకుండా ఉండనవసరం లేదని కూడా ఆమే అన్నారు. కదలకుండా పడుకున్నంత మాత్రాన నెలలు నిండకముందే వచ్చే కాన్పు ఆగుతుందనడానికి ఆధారం లేకపోగా, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుందట. అత్తగారు కూడా ఈ మాట డాక్టరుగారి నోట విన్నాకే ఊరుకున్నారు. కొబ్బరినీళ్లు తాగమని కొందరిచ్చిన సలహాకు మా సమస్యతో సంబంధం లేదని తేలింది. పొట్ట హఠాత్తుగా బిగుసుకుపోయినా, ఆయాసం వచ్చినా తర్వాతి స్కాన్ దాకా ఆగకుండా వెంటనే రమ్మని మాత్రం ప్రతిసారీ చెప్పి పంపేవారు.