సోర్ సాఫ్ట్‌వేర్ కొనాలా, మనమే కట్టుకోవాలా? రాత్రి 2 గంటలకు సిస్టమ్‌ను ఆపేది ఎవరు?

రొయ్యల ఐటీ, భీమవరం
అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్, ఎగుమతుల కంపెనీలో ఐటీ చూస్తాను. ప్లాంటు, రెండు కోల్డ్ స్టోరేజీలు, హెడ్డాఫీసు కలిపి 260 సిస్టమ్‌లు. మనుషులం ఇద్దరమే. ఫైర్‌వాల్, యాంటీవైరస్ నుంచి రోజూ వచ్చే అలర్ట్‌లు చదవడానికే టైము చాలడం లేదు. అందుకే సోర్ కొందామంటున్నారు. అంటే అలర్ట్ రాగానే సాఫ్ట్‌వేరే వివరాలు తెచ్చి, టికెట్ తెరిచి, ముందుగా రాసిపెట్టిన ప్లేబుక్ ప్రకారం ఐపీని బ్లాక్ చేయడం, అకౌంట్ ఆపడం, సిస్టమ్‌ను నెట్‌వర్క్ నుంచి వేరు చేయడం లాంటి పనులు చేసేస్తుంది. మా ముందు మూడు దారులున్నాయి. పెద్ద కంపెనీ ప్రోడక్ట్ మూడేళ్ల లైసెన్స్‌తో తీసుకోవడం, వాజూ (సిస్టమ్‌లను గమనించి అలర్ట్ ఇచ్చేది), షఫుల్ (ప్లేబుక్‌లు నడిపేది) అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లతో మేమే కట్టుకోవడం, లేదా బయటి ఎస్‌ఓసీ (అలర్ట్‌లు కనిపెట్టుకుని చూసే సెక్యూరిటీ కేంద్రం) వాళ్లకు అప్పగించడం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కోనసీమ లినక్స్, అమలాపురం
కళ్లు మూసుకుని రెండోది, తమ్ముడూ. వాజూ, షఫుల్, టికెట్లు చూసుకునే ద హైవ్ మూడూ ఫ్రీ. పెద్ద సోర్ ప్రోడక్ట్‌లు ఎన్ని చేతులు మారాయో చూడు. ఫాంటమ్‌ను 2018లో స్ప్లంక్ కొంది, ఆ స్ప్లంక్‌ను 2024లో సిస్కో కొంది. డెమిస్టో 2019లో పాలో ఆల్టోకి పోయింది, సింప్లిఫై 2022లో గూగుల్‌కి. నువ్వు ఎవరితో సంతకం పెడతావో, మూడేళ్లకి ఎవరికి బిల్లు కడతావో తెలీదు. ఇంకో మాట. ఏది తీసుకున్నా సిస్టమ్‌ను వేరు చేసే పని మాత్రం ఆటోమేటిక్‌గా పెట్టు. మనిషి లేచి చూసేదాకా ఆగితే ఏమీ మిగలదు.

కాకినాడ నైట్‌షిఫ్ట్
ద హైవ్ ఫ్రీ కాదండి. 5వ వెర్షన్ నుంచి కమర్షియల్ లైసెన్స్. 4కి సపోర్టు ఆపేశారు. సలహా ఇచ్చేముందు చూసుకోండి.
రెండోది, ప్లాంటులో ఆటోమేటిక్‌గా వేరు చేయడం పెట్టకండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒక్కటి తేడా చేస్తే 85 లక్షల విండోస్ సిస్టమ్‌లు పడిపోయాయి. మనిషి చూడకుండా జరిగే పని అలాగే ఉంటుంది.

కోనసీమ లినక్స్, అమలాపురం
అది తప్పుడు అప్‌డేట్. ప్లేబుక్ చేసిన పని కాదు. దానికీ దీనికీ ముడిపెట్టకండి. ఆ నెలాఖరులోనే బ్యాంకులకు సిస్టమ్‌లు నడిపే సీ-ఎడ్జ్ మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగేది) పడి దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. మిగతావాళ్లకు అంటుకోకుండా వెంటనే వేరు చేశారు.
మన భాషలో చెప్తాను. చెరువు మీద కరెంటు పోయింది, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే టైము. ఏరేటర్లకి జనరేటర్ తనంతట తానే ఆన్ అవ్వాలా, కాపలా మనిషి లేచొచ్చి తాడు లాగాలా?

కాకినాడ నైట్‌షిఫ్ట్
అక్కడ వేరు చేసింది ఎన్‌పీసీఐ, యూపీఐ నడిపే సంస్థ. మనుషులు కూర్చుని నిర్ణయం తీసుకుని, అందరికీ చెప్పి చేశారు.
మీ చెరువు మాటే తీసుకుందాం. జనరేటర్ ఊరికే ఆన్ అయితే పోయేది డీజిలు. మీరు చెప్పేది తూము తెరవడం. అర్ధరాత్రి తూము దానంతట అదే తెరుచుకుంటే తెల్లారేసరికి చెరువులో ఏముంటుంది?
ద హైవ్ గురించి జవాబు చెప్పలేదు.

యానాం కేబుల్
క్లౌడ్‌లో నడిచేది కొంటే లింకు పోయినప్పుడు ఎలాగో అడగండి. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను వచ్చినప్పుడు మాకు రెండు రోజులు నెట్ లేదు.

తణుకు ఆడిట్
కొనే ముందు ఇవి చూసుకోండి. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం ఘటన మన దృష్టికి వచ్చిన 6 గంటల్లో వాళ్లకు తెలపాలి. లాగ్‌లు (సిస్టమ్‌లు రాసుకునే రికార్డులు) 180 రోజులు మన దేశ చట్ట పరిధిలో ఉంచాలి. సిస్టమ్‌ల గడియారాలన్నీ ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ ఇచ్చే టైముతో కలిసుండాలి. డెమోకి వచ్చిన వాళ్లు డ్యాష్‌బోర్డు రంగులు చూపిస్తారు. మీరు మాత్రం పోయిన వారం మీకొచ్చిన అసలు అలర్ట్‌లు ఐదు ఇచ్చి, మా ఎదురుగా చేసి చూపించండి అనండి.

రొయ్యల ఐటీ, భీమవరం
గడియారాల మాట చెప్పి మంచి పని చేశారు సార్. ఇప్పుడే చూశాను. గేటు దగ్గర వేబ్రిడ్జి సిస్టమ్ 11 నిమిషాలు వెనక ఉంది.

కోనసీమ లినక్స్, అమలాపురం
సరే, ద హైవ్ నా పొరపాటు. టికెట్లకి వేరేది పెట్టుకోండి. కానీ వాజూ యాక్టివ్ రెస్పాన్స్‌లో (అలర్ట్‌కి తనే చర్య తీసుకునే భాగం) ఐపీ బ్లాక్‌కి టైమౌట్ పెట్టొచ్చు, పది నిమిషాలకి దానంతట అదే తీసేస్తుంది. ఏ ఐపీలను ఎప్పుడూ బ్లాక్ చేయకూడదో వైట్ లిస్టులో రాసుకోవచ్చు. షఫుల్‌లో అయితే మనిషి ఓకే అనేదాకా ఆగే అడుగు పెట్టుకోవచ్చు. ఇన్ని ఉండగా తూము, తూము అని భయపెడితే ఎలా? మీరు ఎప్పుడైనా ప్లేబుక్ రాశారా?

కాకినాడ నైట్‌షిఫ్ట్
మీరు ఎప్పుడైనా ప్లాంటులో నిలబడ్డారా?
నేను నిలబడ్డాను. మా దగ్గర పెద్ద ప్రోడక్టే పెట్టారు. శనివారం రాత్రి 2:10కి బ్యాకప్ నడుస్తూ వేల ఫైళ్ల పేర్లు మారుస్తోంది. రాన్సమ్‌వేర్ అనుకుని సాఫ్ట్‌వేర్ ఆ సర్వర్‌ను వేరు చేసేసింది. అది అట్టపెట్టెల మీద బ్యాచ్ నంబరు లేబుల్ కొట్టే సర్వర్. లేబుల్ లేనిదే పెట్టె కంటైనర్ ఎక్కదు. ఫ్రీజర్ నుంచి వచ్చిన బ్లాకులు బల్లల మీద పేరుకుపోతున్నాయి. గ్లౌజులు వేసుకున్న ఆడవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి నావైపే చూస్తున్నారు. బయట రీఫర్ (సరుకు చల్లగా ఉంచే) కంటైనర్ ఇంజిన్ మోత. తిరిగి కలపడానికి పాస్‌వర్డ్ ఉన్న మనిషి ఫోన్ ఎత్తలేదు. 3 గంటలు పోయాయి, ఆ షిప్‌మెంట్ పోయింది. మెమో నాకొచ్చింది. ప్లేబుక్ రాసింది అమ్మినవాళ్లు, ఒప్పుకున్నది మేనేజరు. ఆ రెండు పేర్లూ మెమోలో లేవు. ఆ ఏడు నా ఇంక్రిమెంటు ఆపేశారు.

లాకు దగ్గర
ఇద్దరూ కాస్త తగ్గండి గురూ. పాపం అడిగినతను చదువుతున్నాడు.

కోనసీమ లినక్స్, అమలాపురం
నేను తగ్గనండి. నాదీ చెప్తాను. ముందు పనిచేసిన చోట సర్వర్లోకి రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి సిస్టమ్ నడిపే దారి) మీదుగా దొంగలు దూరారు. అలర్ట్ మెయిల్ రాత్రి 11:40కి వచ్చింది. నేను సోమవారం చూశానని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. నిజం అది కాదు. పెళ్లిలో ఉన్నాను, భోజనాల బంతిలోనే ఫోన్‌లో చూశాను. సర్వర్ ఆపాలంటే నాకు అధికారం లేదు. మేనేజరుకి ఫోన్ చేశాను. "ఆపితే బిల్లింగ్ ఆగిపోద్ది, రేపు చూద్దాంలే" అన్నారు. తెల్లారేసరికి బ్యాకప్ డ్రైవుతో సహా అన్నీ లాక్ అయిపోయాయి. అందుకే మనిషిని అడగడం అంటేనే నాకు పడదు.

కాకినాడ నైట్‌షిఫ్ట్
అయితే మీకు జరిగిందీ నాకు జరిగిందీ ఒకటే కదండి. అక్కడ మీకు ఆపే అధికారం లేదు, ఇక్కడ నాకు కలిపే అధికారం లేదు. అధికారం ఉన్నవాళ్లు ఇద్దరూ ఇంట్లో పడుకున్నారు.

కోనసీమ లినక్స్, అమలాపురం
ఒకటే అని నేను అనను. కలపడం ఆలస్యమైతే ఒక షిప్‌మెంట్ పోద్ది. ఆపడం ఆలస్యమైతే కంపెనీ పోద్ది. కానీ మెమో మీకు ఇవ్వడం మాత్రం అన్యాయం.
తమ్ముడూ, ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. మీ దగ్గర రాత్రి పూట ఎవరుంటారు?

రొయ్యల ఐటీ, భీమవరం
ఎవరూ ఉండరన్నా. రాత్రికి ఒక మనిషిని ఇవ్వమని ఏడాది నుంచి అడుగుతున్నాం. పోయిన వారం ఎండీ గారు డెమో చూసి, "ఇదుంటే రాత్రి మనిషి ఎందుకు? మీరైనా ఇద్దరెందుకు?" అన్నారు. మొదటి పోస్టులో ఈ మాట రాయలేకపోయాను. నాతో ఉన్న కుర్రాడికి ఇంకా తెలీదు.

కాకినాడ నైట్‌షిఫ్ట్
ఈ మాట ముందే రావాల్సింది. ప్లేబుక్‌లను ఎవరో ఒకరు చూసుకోవాలి. ఫైర్‌వాల్ మార్చినప్పుడు, ఆఫీసు కొత్త ఈ-మెయిల్‌కి మారినప్పుడు కనెక్షన్ తెగిపోద్ది. తెగిందని కూడా తెలీదు. మనిషిని తీసేయడానికి కొనే సాఫ్ట్‌వేర్ అయితే వద్దని చెప్పండి. బయటి ఎస్‌ఓసీకి ఇవ్వండి, రాత్రి కనీసం ఫోన్ ఎత్తే మనిషి ఉంటాడు.

కోనసీమ లినక్స్, అమలాపురం
బయటివాడికి మీ ప్లాంటులో లేబుల్ సర్వర్ ఏదో, హాజరు సిస్టమ్ ఏదో ఎలా తెలుస్తుంది? ఫోన్ ఎత్తి ఏం చెప్తాడు? ఉన్న ఇద్దరూ ఉండాలి, మూడో మనిషి రావాలి, అప్పుడు మీరే కట్టుకోండి.

తణుకు ఆడిట్
ఎస్‌ఓసీకి ఇచ్చినా 6 గంటల బాధ్యత మీ కంపెనీదే.

రొయ్యల ఐటీ, భీమవరం
సోమవారం ఎండీ గారికి ఇవ్వడానికి ఒక పేజీ రాశాను. ఐపీ బ్లాక్, ఫిషింగ్ (వల వేసే మోసపు) మెయిల్ తీసేయడం, టికెట్ తెరవడం ఎవరినీ అడగక్కర్లేదు. ఆఫీసు సిస్టమ్‌లను వేరు చేయడం కూడా సాఫ్ట్‌వేరే చేస్తుంది, తిరిగి కలిపే పాస్‌వర్డ్ డ్యూటీలో ఉన్న మనిషి దగ్గర ఉంటుంది. కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రత చూసే రెండు సిస్టమ్‌లు, లేబుల్ సర్వర్ మాత్రం మనిషి చెప్తేనే. ఆ మనిషి పేరు రాయడానికి గీత గీసి ఖాళీ వదిలాను, పక్కన ఎండీ గారి సంతకానికి చోటు. కుర్రాడికి ఈ రోజు చెప్పేశాను.

కోనసీమ లినక్స్, అమలాపురం
లేబుల్ సర్వర్‌ను ఆ జాబితాలో ఎందుకు పెట్టావు? దానికి రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి ఉందా, ముందు అది చూడు.

కాకినాడ నైట్‌షిఫ్ట్
అది అక్కడే ఉండాలి. ఎందుకో రేపు వివరంగా రాస్తాను, ఇప్పుడు డ్యూటీ టైము అయింది.