కారులో సిరియస్ ఎక్స్‌ఎమ్: ట్రయల్ అయిపోతోంది, డబ్బు కట్టాలా వద్దా?

సెయింట్‌లూయిస్_కిరణ్
అందరికీ నమస్తే. ఈ మధ్య సెకండ్ హ్యాండ్ క్యామ్రీ తీసుకున్నాం. దాంతో సిరియస్ ఎక్స్‌ఎమ్ శాటిలైట్ రేడియో మూడు నెలల ట్రయల్ వచ్చింది. వచ్చే వారంతో ఆఖరు. నేను పనిమీద తరచుగా ఐ-55 మీద చికాగో వెళ్తుంటాను. దారిలో ఎఫ్ఎమ్ స్టేషన్ ఒకటి పట్టుకునేలోపే పోతుంది, ఇది మాత్రం ఆ చివర నుంచి ఈ చివరిదాకా ఒకే ఛానెల్ వస్తోంది. మా ఆవిడకు బాగా అలవాటైంది, వంటింట్లో కూడా పెట్టుకుందాం అంటోంది. ఫోన్ చేతిలో ఉండగా దీనికి నెలనెలా కట్టడం దండగేనా? ఇంట్లో వాడేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

ఫ్రిస్కో_శీను
దండగే. రెండో ఆలోచన అక్కర్లేదు.

ప్రకటనలో చూపే ధర ఒకటి, బిల్లులో వచ్చేది ఒకటి. మ్యూజిక్ రాయల్టీ ఫీజు అని దాదాపు ఐదో వంతు అదనంగా వేస్తారు, దాని మీద ట్యాక్స్. మొదట తక్కువకే ఇస్తారు, ఆఫర్ గడువు దాటగానే పూర్తి ధర కార్డు మీద పడుతుంది. మనం చూసుకునేసరికి పడిపోయి ఉంటుంది. పైగా ఒక్క తెలుగు ఛానెల్ లేదు. పాటలు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని బయలుదేరు, సిగ్నల్‌తో పనే లేదు.

ఈ ఆటో రెన్యూవల్ బాగోతం నాకు అనుభవమే. ప్లేనో నుంచి ఇల్లు మారినప్పుడు ఒక జిమ్‌కి మానేస్తున్నానని ఎదురుగా నిలబడి చెప్పి వచ్చాను. అలా చెబితే చాలదట, సర్టిఫైడ్ మెయిల్ పంపాలట. కార్డు మార్చేదాకా లాగుతూనే ఉన్నారు.

చికాగో_చిట్టి
జిమ్‌కీ రేడియోకీ ఏంటన్నా సంబంధం 😀

ఫ్రిస్కో_శీను
రెండూ మన కార్డు మీదే బతుకుతాయి. అదీ సంబంధం.

పడమటి_కాన్సాస్_డాక్టర్
కిరణ్ గారూ, నేను కొన్నేళ్ళుగా వాడుతున్నాను. మా ఊరికీ నేను వెళ్ళే క్లినిక్‌లకీ మధ్య అంతా గోధుమ పొలాలు, పశువుల ఫీడ్‌లాట్లు. స్కాట్ సిటీ దాటి కె-96 మీద లియోటి, ట్రిబ్యూన్ వైపు వెళ్తే ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే రాలిపోయి చివరికి ఏమీ మిగలదు. ఏఎమ్ ఉంటుంది, పంట ధరలు, పశువుల ధరలు చెబుతారు. అవి నాకూ కంఠతా వచ్చేశాయి. శాటిలైట్ ఒక్కటే తెగకుండా వస్తుంది. చెట్లు లేవు, గుట్టలు లేవు, అడ్డమొచ్చేది ఏమీ లేదు. మీలా హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్ళకు పనికొస్తుందనే నా అభిప్రాయం.

ఫ్రిస్కో_శీను
డాక్టర్ గారూ, సిగ్నల్ లేకపోతేనే కదా డౌన్‌లోడ్ చేసుకోమన్నాను. నా పోస్ట్ పూర్తిగా చదివారా?

ఏలూరు_రేడియో_బాబాయ్
కిరణ్, ఇంటి సంగతి నన్నడుగు. వీటి ఉపగ్రహాలు భూమధ్యరేఖ పైన, 36,000 కిలోమీటర్ల దూరాన ఉంటాయి. కాబట్టి అమెరికాలో ఎక్కడున్నా యాంటెన్నా దక్షిణం వైపు ఆకాశాన్ని చూడాలి. టెక్సాస్‌లో అవి బాగా పైకి ఉంటాయి, ఇబ్బంది లేదు. మిన్నియాపోలిస్, సియాటిల్ లాంటి చోట్ల కిందికి వాలి ఉంటాయి, పక్కింటి ఓక్ చెట్టు చాలు అడ్డం రావడానికి. నగరాల్లో నేల మీద రిపీటర్లు, అంటే సిగ్నల్‌ని మళ్ళీ ప్రసారం చేసే టవర్లు, పెట్టారు గనక భవనాల మధ్య కూడా నడుస్తుంది. అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లో మాత్రం ఆశ వదులుకో.

మీ వంటింటికి దక్షిణపు కిటికీ ఉందా?

సెయింట్‌లూయిస్_కిరణ్
ఉత్తరం బాబాయ్.

ఏలూరు_రేడియో_బాబాయ్
అయితే యాంటెన్నా తీగ హాలు దాకా లాగాలి. లేదా దాని జోలికి పోకుండా స్మార్ట్ స్పీకర్లో యాప్ పెట్టుకోండి. అది వైఫై మీద వస్తుంది, ఉపగ్రహంతో నిమిత్తం లేదు. శబ్దం కూడా కారులో కంటే శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే ఉపగ్రహం మీద ఉన్న కొద్ది చోటులో అన్ని ఛానెళ్ళనూ కుదించి ఇరికిస్తారు. కారు ప్లాన్‌లో యాప్ కూడా కలిసి ఉందో లేదో కట్టే ముందే అడుగు. కొన్నిట్లో ఉంటుంది, కొన్నిట్లో ఉండదు.

ఇంకో మాట. చందా రేడియోని నమ్ముకోవద్దనడానికి నా దగ్గర పెద్ద ఉదాహరణే ఉంది. 2000 మార్చిలో ఏసియాస్టార్ ఉపగ్రహం ఎగిరాక మన దేశంలో వరల్డ్‌స్పేస్ అనే చందా శాటిలైట్ రేడియో వచ్చింది. ఏలూరు మేడ మీద నుంచి అరచేతంత యాంటెన్నాని ఆగ్నేయానికి తిప్పితే తెలుగుకు స్పందన, కర్ణాటక సంగీతానికి శ్రుతి అనే ఛానెళ్ళు. మధ్యలో ప్రకటన అన్నదే లేకుండా కచేరీ వినడం అప్పట్లో ఎంత వింతో మీకు తెలియదు. రెహమాన్ సిగ్నేచర్ ట్యూన్ కట్టాడు. 2008 అక్టోబరులో ఆ కంపెనీ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. 2009 డిసెంబరు 31తో ఇండియాలో మూత. ఆ రిసీవర్లు ఇంకెందుకూ పనికిరావు. సిరియస్‌తో కలిసిన ఈ ఎక్స్‌ఎమ్ పుట్టినప్పుడు అందులో వరల్డ్‌స్పేస్‌కు వాటా ఉండేదని చాలామందికి తెలియదు.

ఎఫ్150_రాజు
పాత కారుకు విడిగా సెట్ కొనేవాళ్ళకు ఒక మాట. రూఫ్ మీద పెట్టే యాంటెన్నా అయస్కాంతంతో అంటుకుంటుంది. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు బాడీ అల్యూమినియం, అయస్కాంతం పట్టదు. టక్కున పెట్టాను, జర్రున జారింది. గ్లాస్ రూఫ్ కార్లకూ ఇదే గతి.

చికాగో_చిట్టి
జర్రున 😂

ఫ్రిస్కో_శీను
కిరణ్, బాబాయ్ చెప్పింది చూశావుగా, ఇంట్లో ఎలాగూ ఇంటర్నెట్టే. కారులో ఐ-55 పొడుగునా సిగ్నల్ ఉంది. ఇక శాటిలైట్ ఎందుకు?

రద్దు చేసుకోవడం తేలికనుకునేవాళ్ళ కోసం: న్యూయార్క్ అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్ 2023 డిసెంబరులో ఈ కంపెనీ మీద కేసు వేశారు, మానేస్తామన్నవాళ్ళను ఫోన్లో, చాట్‌లో సాగదీస్తున్నారని. 2024 నవంబరులో కంపెనీ ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించిందనే జడ్జి తేల్చారు. నా సొంత కవిత్వం కాదు, కోర్టు మాట.

డాక్టర్ గారు చెప్పిన కె-96 కూడా ఇప్పుడే చూశాను. నా క్యారియర్ మ్యాప్‌లో లియోటి, ట్రిబ్యూన్ రెండూ కవరేజ్‌లోనే ఉన్నాయి.

పడమటి_కాన్సాస్_డాక్టర్
ఊళ్ళు ఉన్నాయండీ. ఊళ్ళో గ్రెయిన్ ఎలివేటర్ పక్కన ఆగితే వస్తుంది. నేను మాట్లాడేది ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు గురించి. మ్యాప్‌కి రంగు వేసింది అమ్మేవాళ్ళు, నడిపేవాళ్ళు కాదు.

ఫ్రిస్కో_శీను
మధ్య రోడ్డు కూడా రంగులోనే ఉంది. జూమ్ చేసి చూశాను.

పడమటి_కాన్సాస్_డాక్టర్
జూమ్ చేసి చూశారు. నేను డ్రైవ్ చేసి చూశాను.

ఫ్రిస్కో_శీను
మీ ఫోన్ ఏ మోడల్? పాతవాటికి కొన్ని బ్యాండ్లు అందవు. ఏ క్యారియర్? వైఫై కాలింగ్ ఆన్‌లో ఉందా?

ఎఫ్150_రాజు
పొలాల మధ్య వైఫై ఎక్కడిది శీనూ, ఆవులు పెడతాయా

ఏలూరు_రేడియో_బాబాయ్
మ్యాప్ సంగతి వదిలేయండి. డాక్టరమ్మా, మీ కారు యాంటెన్నా రూఫ్ వెనక వైపు సొరచేప రెక్కలా ఉండే షార్క్ ఫిన్‌లోనే కదా ఉన్నది?

పడమటి_కాన్సాస్_డాక్టర్
అవునండీ. దాని గురించి సమస్యే లేదు బాబాయ్ గారూ.

ఫ్రిస్కో_శీను
నా ప్రశ్నకు జవాబు రాలేదు. అదీగాక, సిగ్నల్ లేదనే అనుకుందాం, డౌన్‌లోడ్‌తో పోయేదానికి ఏడాదికి వందల డాలర్లెందుకు? అంత ఇబ్బందిగా ఉంటే ఊరు మారొచ్చు. అందరికీ డాక్టర్ల జీతాలుండవు, కిరణ్‌కి సలహా ఇచ్చేటప్పుడు అది గుర్తుంటే బాగుంటుంది.

చికాగో_చిట్టి
శీనన్నా, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పడమటి_కాన్సాస్_డాక్టర్
ఊరు మారడమా? కాన్రాడ్ 30 అంటే ఏమిటో తెలుసా మీకు? జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్ళు రెండేళ్ళు స్వదేశానికి వెళ్ళిపోవాలి. లేదంటే డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్ళు పని చేయాలి. రాష్ట్రానికి ఏడాదికి 30 మందికే అవకాశం. నాకు దొరికింది ఇది. కాంట్రాక్టు మధ్యలో వదిలేస్తే వీసా సంగతేమవుతుందో మీరే ఊహించుకోండి. ఇప్పుడు నాకు ఈ ఊరంటే ఇష్టమే, అది వేరే విషయం. ఇక్కడి పేషెంట్లు నాకు కూరగాయలు తెచ్చిస్తారు. కానీ మీ ఫ్రిస్కోలో గుమ్మం దాటితే తెలుగు మాట, గుడి, బిర్యానీ. నేను గోంగూర కావాలంటే డెన్వర్ వెళ్ళాలి.

డౌన్‌లోడ్, డౌన్‌లోడ్ అని పొద్దుటి నుంచీ అంటున్నారు. నా ఫోన్లో పాటలున్నాయి. ఘంటసాల ఉన్నాడు, అన్నమయ్య కీర్తనలున్నాయి. వాటన్నిటినీ ఎంచి పెట్టుకున్నది నేనే. రోజంతా క్లినిక్‌లో ఏం చేయాలో నేనే తేల్చాలి. ఏ మందు, ఎంత డోసు, ఎవరిని విచిటాకి పంపాలి, ఎవరిని ఇంటికి పంపాలి. కారెక్కాక కూడా తరవాతి పాట నేనే తేల్చాలా? బీబీసీ వాడు ఇవాళ ఏం జరిగిందో చెబుతాడు. జాజ్ ఛానెల్లో ఒకాయన పాటకూ పాటకూ మధ్య నెమ్మదిగా ఏదో కబురు చెబుతాడు. అందులో నాకు సగం తెలియదు, అయినా వింటాను. డౌన్‌లోడ్ చేసిన పాటకు ఇవాళ మంగళవారం అని తెలియదు శీను గారూ.

ఎఫ్150_రాజు
👏

మోడరేటర్
వీసా, జీతాల వైపు వెళ్ళొద్దు. రేడియో గురించి మాట్లాడితే థ్రెడ్ ఉంచుతాను.

ఫ్రిస్కో_శీను
మోడరేటర్ గారూ, వీసా ఎత్తింది నేను కాదు. ఎత్తారు గనక ఇదొక్కటీ రాయనివ్వండి.

గత ఏడాది మా టీమ్ మొత్తాన్ని ఒక పూటలో తీసేశారు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులు గడువు. ఆ రాత్రి కార్డు స్టేట్‌మెంట్లు ప్రింట్ తీసి, హైలైటర్ పట్టుకుని డైనింగ్ టేబుల్ మీద కూర్చున్నాం నేనూ మా ఆవిడా. 9.99, 12.99, 4.99. ఒక క్లౌడ్ స్టోరేజ్, పాప ఎప్పుడో మానేసిన లెక్కల యాప్, ఎవరూ చూడని ఛానెల్ ప్యాకేజీ. కొన్ని ఎందుకు కడుతున్నామో ఇద్దరికీ తెలియదు. ఆపుదామంటే ఒకదానికి ఫోన్ చేయాలి, ఇంకోదానికి చాట్‌లో కూర్చోవాలి. ఉద్యోగాలకు అప్లై చేసుకోవాల్సిన టైమ్‌లో నేను ఒక చాట్ ఏజెంట్‌కి నా పరిస్థితి వివరిస్తూ కూర్చున్నాను. ఉద్యోగం దొరికింది, దేవుడి దయ. ఆ హైలైటర్ కాగితాలు మాత్రం దాచుకున్నాను.

డాక్టర్ గారూ, మీరు వినడం తప్పని నేననలేదు. ఎంత ధర అన్నది కూడా కాదు నాకు. నేను ఆపమన్న రోజున ఆగనిది ఏదీ నా ఇంట్లోకి రావడానికి వీల్లేదు. అంతే.

పడమటి_కాన్సాస్_డాక్టర్
ఇది మొదటే రాసి ఉంటే లియోటి మ్యాప్ దాకా వెళ్ళేవాళ్ళం కాదు కదా.

ఫ్రిస్కో_శీను
మ్యాప్ విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

పడమటి_కాన్సాస్_డాక్టర్
ఒకసారి రండి. డ్రైవింగ్ మీరే చేద్దురుగాని.

ఏలూరు_రేడియో_బాబాయ్
ఆగమన్నప్పుడు ఆగాలంటాడు శీను. ఆగకూడదనుకున్నప్పుడు కూడా ఆగుతాయయ్యా. వరల్డ్‌స్పేస్ మమ్మల్ని అడిగే ఆగిందా?

చికాగో_చిట్టి
బాబాయ్ మళ్ళీ వరల్డ్‌స్పేస్ దగ్గరికొచ్చాడు

సెయింట్‌లూయిస్_కిరణ్
నేనేమో వంటింట్లో రేడియో గురించి అడిగానంతే 🙏

ఇవాళ ఫోన్ చేశాను. మానేస్తానని అనగానే ఇంకా తక్కువ ధరకు ఆరు నెలల ఆఫర్ ఇచ్చారు, యాప్‌తో కలిపి. వంటింటి స్పీకర్‌కి అది సరిపోతుంది, వేరే సెట్ కొనట్లేదు. రేడియో ఐడీ అడిగారు, ఎక్కడుంటుందో తెలియక కంగారుపడ్డాను. ఛానెల్ 0 కి తిప్పితే తెర మీద కనిపిస్తుందట. ఇంకా డబ్బు కట్టలేదు, రేపటిదాకా టైమ్ ఇచ్చారు.

ఏలూరు_రేడియో_బాబాయ్
కట్టాక ఛానెళ్ళు వెంటనే రాకపోతే బెంగపడకు. కారు గ్యారేజీ బయట, ఆకాశం కనిపించే చోట ఆపి, రేడియో ఆన్‌లో ఉంచి రిఫ్రెష్ సిగ్నల్ పంపమను. గ్యారేజీలో కూర్చుని అడిగితే ఎన్నిసార్లు పంపినా అందదు.

ఫ్రిస్కో_శీను
మామూలు కార్డు ఇవ్వకు. లిమిట్ పెట్టగలిగే వర్చువల్ కార్డు ఇవ్వు, ఆరు నెలల మొత్తానికి పైసా ఎక్కువ లాగలేకుండా. రెన్యూవల్ ధర ఎంతో మెయిల్‌లో రాయించుకున్నాకే నంబర్ చదువు.

పడమటి_కాన్సాస్_డాక్టర్
అది మంచి సలహా. ఏ కార్డు వాడుతున్నారు శీను గారూ? నాది వచ్చే నెల రెన్యూవల్ ఉంది.