మంచు మీద జారాను, చీలమండ వాచింది. ఆసుపత్రికి వెళ్లాలా?

అన్నలూ, వైజాగ్ నుంచి అమెరికా వచ్చి మూడు వారాలే. పొద్దున బస్టాపు దగ్గర జారితే కుడి పాదం లోపలికి మడతపడింది. బయటి వైపు కోడిగుడ్డంత వాపు. అమ్మేమో సున్నం, బెల్లం పట్టు వెయ్యమంటోంది. ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు ఎంతవుతుందోనని భయం.

—

తమ్ముడూ, బిల్లు సంగతి తర్వాత, ముందు ఎముక చూసుకో. చీలమండకి అటూ ఇటూ గుబ్బలుంటాయి కదా, వాటి కింది కొస నుంచి వెనక అంచు వెంబడి ఆరు సెంటీమీటర్ల దాకా వేలితో నొక్కు. పాదం బయటి అంచు మధ్యలో తగిలే ఎముకనీ, లోపలి వంపు పైనున్న ఎముకనీ కూడా. సరిగ్గా ఎముక మీదే కలుక్కుమన్నా, కుంటుకుంటూనైనా నాలుగడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే తప్పదు. 1992లో కెనడాలోని ఒట్టావా డాక్టర్లు పెట్టిన లెక్క ఇది. కాలు వంకర తిరిగినా, వేళ్లు చల్లబడి మొద్దుబారినా ఎమర్జెన్సీకే పో. లేదంటే అర్జెంట్ కేర్ చాలు, అంటే ప్రాణం మీదికి రాని దెబ్బల్ని అప్పటికప్పుడు చూసే క్లినిక్. బిల్లు చాలా తగ్గుతుంది. ఆ క్లినిక్ నీ ఇన్సూరెన్సు నెట్‌వర్క్‌లో, అంటే వాళ్లు ఒప్పందం పెట్టుకున్న చోట్లలో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్లు.

పట్టు, మర్దనా ఇప్పుడొద్దు. ఓ ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణలో హనుమంతవాక దగ్గర నాకూ ఇలాగే బెణికింది. ముప్ఫై రెండు కిలోమీటర్ల మొక్కు కదా, ఆగలేదు. అప్పూఘర్ దగ్గర ఎవరో పుణ్యాత్ముడు వేడి నూనెతో గట్టిగా తోమాడు. తెల్లారేసరికి చెప్పులో కాలు పట్టలేదు. ఎముకల్ని కలిపి ఉంచే పట్టీల్లో (లిగమెంట్లు) తెగిన పోగుల దగ్గర లోపల రక్తం ఊరుతుంటే వేడీ, రుద్దుడూ దాన్ని ఇంకా పెంచుతాయట. ఎముకల డాక్టరు పెట్టిన చీవాట్లు ఇప్పటికీ గుర్తే.

ఫ్రీజర్‌లో బఠాణీల ప్యాకెట్టుంటే తువ్వాలులో చుట్టి పావుగంట పెట్టు, రెండు మూడు గంటలకోసారి. పడుకుని కాలు దిండ్ల మీద, గుండెకంటే ఎత్తులో ఉంచు. మన క్రేప్ బ్యాండేజీని ఇక్కడ ఏస్ బ్యాండేజ్ అంటారు. వేళ్ల మొదలు నుంచి పైకి చుట్టు, తిమ్మిరెక్కితే వదులు చెయ్యి. పారాసెటమాల్ టైలెనాల్ పేరుతో దొరుకుతుంది. చాలా జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది, రెండూ కలిపి మింగకు. రెండు మూడు రోజులయ్యాక నొప్పి ఓర్చుకోగలిగినంతలో బొటనవేలితో గాల్లో అఆలు దిద్దు.

—

ఎముక మీద నొప్పి లేదన్నా, నాలుగడుగులు వేశాను. బఠాణీలు రూమ్మేట్‌వి. అమ్మకి మాత్రం ఇక్కడ సున్నం దొరకదని చెప్పేశాను.