బోరు కంట్రోలర్ మెసేజ్ పంపేటప్పుడల్లా రీసెట్ అవుతోంది

చీనీతోట: మాది తాడిపత్రి పక్కన. బోరు మోటారును ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేయడానికి నానో బోర్డు (ఆర్డుయినో చిన్న కంట్రోలర్), సిమ్800ఎల్ మాడ్యూల్ (సిమ్‌తో మెసేజ్‌లు పంపేది) పెట్టి సొంతంగా చేసుకున్నా. వాచ్‌డాగ్ (కోడ్ ఇరుక్కుపోతే బోర్డును రీసెట్ చేసే టైమర్) 8 సెకన్లు పెట్టా. రోజుకు నాలుగైదు సార్లు రీసెట్ అయి రిలే పడిపోతోంది, మోటారు ఆగిపోతోంది. రాత్రి త్రీఫేజ్ ఉన్న కాసేపట్లో ఇట్లయితే చెట్లకు నీళ్లు అందవు. 8 కంటే పెంచే దారి ఉందా?

కర్నూలు_బెంచ్: నానోలోని ఏటీమెగా328 చిప్‌లో అదే గరిష్ఠం. అయినా పెంచడం తర్వాత మాటన్నా, అసలు అది వాచ్‌డాగ్ రీసెట్టేనా? కోడ్‌లో సెటప్ మొదట్లో, రీసెట్ కారణం దాచుకునే ఎంసీయూఎస్ఆర్ రిజిస్టర్ ప్రింట్ చేసి చూడు. పవర్ ఆన్ అయితే 1, రీసెట్ పిన్ అయితే 2, వోల్టేజీ పడిపోతే 4, వాచ్‌డాగ్ అయితే 8. చదివాక సున్నా చేయి, లేకపోతే పాతవి కలిసిపోతాయి.

చీనీతోట: ఎప్పుడు చూసినా సున్నానే!

కర్నూలు_బెంచ్: నీ కోడ్ కంటే ముందే బూట్‌లోడర్ (బోర్డు ఆన్ కాగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) తుడిచేస్తోంది. ఒక యూనో బోర్డును ప్రోగ్రామర్‌గా పెట్టి బూట్‌లోడర్ లేకుండా కోడ్ ఎక్కించు. ఒకటి గుర్తుపెట్టుకో: ఈ చిప్‌లో వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత కూడా వాచ్‌డాగ్ ఆగదు. 16 మిల్లీసెకన్లకు దిగి నడుస్తూనే ఉంటుంది. ఆ రిజిస్టర్ తుడిచి, వెంటనే వాచ్‌డాగ్‌ను ఆపాలి. పాత బూట్‌లోడర్ ఆ పని చేయదు కాబట్టి బోర్డు రీసెట్ల మీద రీసెట్లవుతూ లైటు టపటపా కొట్టుకుంటుంది. ఇది తెలియక రెండు నానోలు పోయాయనుకుని మూలన పడేశా.

కొత్తోడు: టైమర్ ఇంటరప్ట్‌లో (టైమర్ ప్రకారం దానంతటదే నడిచే కోడ్) వాచ్‌డాగ్ లెక్కను మళ్లీ మొదలుపెట్టే లైన్ పెడితే సరిపోతుంది కదా?

కడప_సోల్డర్: వద్దప్పా! మెయిన్ లూప్ చచ్చిపోయినా ఇంటరప్ట్ కొట్టుకుంటూనే ఉంటుంది. కాపలా కుక్కకు నిద్రమాత్ర వేసినట్టే. ఆ లైన్ మెయిన్ లూప్‌లో ఒక్కచోటే ఉండాలి.

చీనీతోట: ఇప్పుడు తెలిసింది. రెండు రోజుల్లో 8 ఆరుసార్లు, 4 రెండుసార్లు వచ్చింది.

కడప_సోల్డర్: అంటే రెండు జబ్బులు. 8 వచ్చేది కోడ్ వల్ల. మెసేజ్ పంపి జవాబు వచ్చేదాకా వైల్ లూప్‌లో కూర్చున్నావేమో. సిగ్నల్ సరిగా లేని చోట జవాబుకు నిమిషం దాకా పట్టొచ్చు. పంపి వదిలెయ్, లూప్ తిరిగేటప్పుడల్లా జవాబు వచ్చిందా అని చూసుకో, మిల్లీస్‌తో (సమయం చెప్పే ఫంక్షన్) గడువు పెట్టుకో. 4 కరెంటు వల్ల. ఆ మాడ్యూల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. నానో 5 వోల్టుల పిన్ నుంచి ఇచ్చావా?

చీనీతోట: అవునన్నా, మధ్యలో ఒక డయోడ్ వేసి...

కడప_సోల్డర్: తీసెయ్. విడిగా 4 వోల్టుల బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించి ఇచ్చేది), మాడ్యూల్ పక్కనే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. గ్రౌండ్ మాత్రం రెండింటికీ కలపాలి.

చీనీతోట: బక్ పెట్టాక మూడు రోజులుగా 4 రాలేదు. వైల్ లూప్ సంగతీ నిజమే, తిరగరాస్తున్నా. కర్నూలన్నా, మూలన పడేసిన ఆ రెండు నానోలు ఇంకా ఉంటే నాకు పంపిస్తావా?