నియంత, నిరంకుశుడు: ఇద్దరూ ఒకరేనా?

పదో తరగతి చదివే మా అమ్మాయి నోట్సు తిరగేస్తుంటే ఒకచోట కన్ను ఆగింది. "ముస్సోలినీ ఇటలీ నియంత. అతనిది నిరంకుశ పాలన." పరీక్షకి బాగానే ఉంది. కానీ ఆ రెండు మాటల్నీ విడదీసి చూస్తే చెరో దిక్కుకీ లాగుతున్నాయి.

నియంత అంటే పగ్గాలు పట్టినవాడు. అమరకోశంలో సారథి పేర్ల వరస ఈ మాటతోనే మొదలవుతుంది: "నియంతా ప్రాజితా యంతా సూతః క్షత్తా చ సారథిః". అంటే రథం తోలేవాడన్నమాట. ఇక నిరంకుశుడు అంకుశం లేనివాడు, మావటి అదుపులో లేని ఏనుగు లాంటివాడు. "నిరంకుశాః కవయః" అన్నప్పుడు అది తిట్టు కూడా కాదు, కవులకి ఇచ్చిన వెసులుబాటు. ఒకటి అదుపు చేసేవాడి పేరు, రెండోది అదుపు లేనివాడి పేరు. మరి రెండూ ఒకే మనిషికి ఎలా అతికాయి? నాకు తోచింది ఇది: పగ్గం ఊరందరి మెడకీ వేశాడు, తన నెత్తిమీద మాత్రం అంకుశం లేకుండా చూసుకున్నాడు. మీరేమంటారు?

(పనిలో పని, "నియంతత్వం" అని రాయకండి. నేత నుంచి నేతృత్వం వచ్చినట్టే నియంత నుంచి నియంతృత్వం.)

వ్యాఖ్య: బాగుందండీ. కానీ డిక్టేటర్ అనేది రోమన్లలో చట్టబద్ధమైన పదవి కదా. దానికి నియంత సరిపోతుంది గానీ నిరంకుశుడు ఎలా సరిపోతాడు?

నా జవాబు: నిజమేనండీ. ఆపద వచ్చినప్పుడు ఒకణ్ణి నియమించేవారు, గడువు ఆరు నెలలు. అక్కడే ఇంకో తమాషా ఉంది. రోమన్ అధికారుల ముందు భటులు బెత్తాల కట్ట భుజాన పెట్టుకుని నడిచేవారు. కట్ట మధ్యలో గొడ్డలి. నగరం హద్దు లోపలికి రాగానే ఆ గొడ్డలి తీసేయాలి. డిక్టేటర్ భటులు మాత్రం తీయనక్కర్లేదు. ఆ కట్ట పేరే ఫాస్కెస్, ఫాసిజం మాటకి మూలం అక్కడే. 1926లో ముస్సోలినీ దాన్ని రాజ్య చిహ్నం చేశాడు, గొడ్డలితో సహా.

వ్యాఖ్య: అన్నా, అంటే ఫాసిజం అంటే మా దిక్కు చెప్పే కట్టెల మోపేనా? మరి ఇది మంచి మాటనే కదా, ఐకమత్యం కథలో ముసలాయన కొడుకులకి చూపించిన కట్ట లెక్క.

నా జవాబు: అచ్చంగా మోపే తమ్ముడూ. ఇటాలియన్‌లో ఫాషో. మొదట్లో మంచి మాటే. 1890ల్లో సిసిలీ రైతుకూలీలు, గంధకం గనుల కార్మికులు పెట్టుకున్న సంఘాల పేరు కూడా ఇదే. 1894లో ప్రభుత్వం సైన్యాన్ని దింపి వాటిని అణిచేసింది. పాతికేళ్ళకి, 1919 మార్చి 23న మిలాన్‌లో ముస్సోలినీ తన గుంపుకీ అదే పేరు పెట్టాడు. కూలీల సంఘం పేరు పెట్టుకున్నవాళ్ళు రెండేళ్ళు తిరక్కుండానే ఉత్తర ఇటలీలోని పో నది మైదానంలో భూస్వాముల తరఫున కూలీల సంఘాల ఆఫీసులు తగలబెడుతూ తిరిగారు. మాట దొంగతనం అంటే ఇదీ.

వ్యాఖ్య: మాస్టారూ, టోటలిటేరియన్‌కి తెలుగేమిటి? సర్వాధికారం అంటే కలెక్టరుగారి సర్వాధికారాల్లా వినిపిస్తోంది.

నా జవాబు: దీని పుట్టుక చెప్తే మీకే తెలుస్తుంది అమ్మా, ఎందుకు చాలదో. 1923లో జొవాన్ని అమెందోలా అనే ఉదారవాది తన పత్రికలో ఈ మాట వాడాడు, తిట్టుగా. స్థానిక ఎన్నికల్లో మెజారిటీ సీట్లకీ, మైనారిటీకి వదలాల్సిన సీట్లకీ రెండింటికీ ఫాసిస్టులే జాబితాలు పెట్టారు. గెలిచేవాళ్ళూ వాళ్ళే, ప్రతిపక్షమూ వాళ్ళే! దాన్ని అతను "తొతలితారియో" పద్ధతి అన్నాడు, అంటే మొత్తం మాకే అనే పద్ధతి. రెండేళ్ళు తిరిగేసరికి ముస్సోలినీ సిగ్గుపడకుండా ఆ తిట్టునే బిరుదులా తగిలించుకున్నాడు. అంతా రాజ్యంలోనే, రాజ్యానికి బయట ఏదీ లేదు, రాజ్యానికి ఎదురు ఏదీ లేదు అని 1925 అక్టోబర్‌లో మిలాన్‌లో ప్రసంగించాడు. అమెందోలాని ఆ ఏడాదే నల్లచొక్కాలవాళ్ళు, అంటే ముస్సోలినీ దళాలవాళ్ళు, చావబాదారు, కోలుకోలేక 1926లో ఫ్రాన్స్‌లో పోయాడు.

అధికారం ఎంతుందన్నది కాదు, దేన్నీ వదలకపోవడం ఇక్కడి సంగతి. జర్మనీలో 1933లో దీనికి కరెంటు పనివాళ్ళ మాట తెచ్చుకున్నారు, గ్లైష్‌షాల్టుంగ్. అన్నిటినీ ఒకే లైనుకి కలపడం. యూనియన్లే కాదు, ఊళ్ళో పాటలు పాడుకునే సంఘాలూ ఆ లైనుకి కలవాల్సిందే. అందుకే నా ఓటు "సర్వంకష రాజ్యం"కి. కష అంటే ఒరయడం. గీటురాయిని నికషం అనేదీ ఆ ధాతువుతోనే. అన్నిటినీ ఒరుసుకుంటూ పోయేది సర్వంకషం. ఇప్పుడు పేపర్లలో "సర్వంకష పరిశీలన" అని మెచ్చుకోలుగా వాడి దాని పదును పోగొట్టారు, అదొక్కటే చిక్కు.

వ్యాఖ్య: ఇంత లోతు మాకు తెలీదండీ. మేం స్కూల్లో కాస్త గట్టిగా ఉండే సార్‌ని హిట్లర్ అనేసేవాళ్ళం. ఆయన వస్తే క్లాసంతా ఆముదం తాగిన మొహాలే.

నా జవాబు: ఆముదం మాట భలే ఎత్తారు. మనకది జాతీయం, ఇటలీలో అది ఆయుధం. ఫాసిస్టు దళాలు ఊళ్ళో సోషలిస్టునో, పత్రిక నడిపేవాణ్ణో పట్టుకుని ఆముదం గొంతులో బలవంతంగా పోసేవి. తర్వాత బట్టలు పాడైన మనిషి వీధిలో అందరూ చూస్తుండగా ఇంటికి నడవాలి. దెబ్బ కన్నా ఆ నడక భయపెట్టేది. కొందరు చచ్చిపోయారు కూడా.

వ్యాఖ్య: ఇంతకీ మీ అమ్మాయి నోట్సు ఏం చేశారు?

నా జవాబు: అలాగే ఉంచమన్నాను. మార్కులేసే సార్‌కి అమరకోశం అక్కర్లేదు. "నియంతత్వం" అని రెండు చోట్ల ఉంది, అది మాత్రం దిద్దించాను.